భారీగా బరువు తగ్గడం, చురుకైన జీవితం

ఊబకాయం ఉన్న మనిషి తన బరువులో పదో వంతుకు పైగా, ఒక్కోసారి మూడో వంతు దాకా తగ్గించుకుని, ఆ ఒంటిని నడకకో పరుగుకో కసరత్తుకో అలవాటు చేసి, ఏళ్ల తరబడి అలాగే నిలుపుకోవడం ఈ వ్యాసంలోని విషయం. నాలుగు కిలోలు తగ్గడం వేరు, నలభై కిలోలు తగ్గడం వేరు. మొదటిదానికి పండగ వెళ్లాక కొన్నాళ్లు నోరు కట్టుకుంటే సరిపోతుంది. రెండోదాంట్లో ఆకలి, నిద్ర, కీళ్లు, వేసుకునే మాత్రలు, ఇంట్లో వంట, బయటివాళ్ల చూపు అన్నీ మారిపోతాయి. తగ్గడం ఒక పని, తగ్గినదాన్ని నిలుపుకోవడం మరో పని. మొదటి పనిలో పెద్ద వాటా తిండిది. రెండో పనిలో కదలిక వాటా బాగా పెరుగుతుంది. ఈ తేడా ఎవరూ చెప్పకపోవడం వల్లే ఎంతోమంది జిమ్‌లో చేరిన రెండు నెలలకు బరువు కదల్లేదని నిరాశపడి, ఒంటికి నిజంగా మేలు చేస్తున్న వ్యాయామాన్ని కూడా వదిలేస్తున్నారు.

కొలతలు

బరువును ఎత్తుతో పోల్చే లెక్కను 1830ల్లో బెల్జియం గణిత శాస్త్రవేత్త అడాల్ఫ్ క్వెట్లె రూపొందించాడు. కిలోల్లో బరువును, మీటర్లలో ఎత్తు వర్గంతో భాగించాలి. దానికి బాడీ మాస్ ఇండెక్స్ అన్న పేరును 1972లో అమెరికా శరీరధర్మ శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ స్థిరపరిచాడు. ఆస్పత్రి చీటీల మీద కనిపించే బీఎంఐ ఇదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన ఇది 25కు చేరితే అధిక బరువు, 30కు చేరితే ఊబకాయం. 165 సెంటీమీటర్ల ఎత్తున్న మనిషి 82 కిలోలకు వచ్చాడంటే రెండో గీత దాటినట్టే.

భారతీయులకు ఈ గీతలు సరిపోవు. 2004లో లాన్సెట్ పత్రికలో ఇద్దరు వైద్యుల ఫొటో పక్కపక్కన వచ్చింది. ఒకరు పుణెకు చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, మరొకరు లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. యుడ్కిన్ మారథాన్లు పరిగెత్తుతాడనీ, యాజ్ఞిక్ పరుగు ఆస్పత్రి లిఫ్ట్ తలుపులు మూసుకునేలోగా అందుకోవడం వరకేననీ ఆ ఇద్దరే అక్కడ రాసుకున్నారు. సన్నగా కనిపించే భారతీయుడి ఒంట్లోనూ కొవ్వు ఎక్కువగా ఉండవచ్చని ఈ ఒక్క ఫొటో చెప్పినంత సూటిగా పెద్ద పెద్ద పట్టికలు చెప్పలేకపోయాయి. 2009లో భారతీయ నిపుణులు 23 నుంచి అధిక బరువుగా, 25 నుంచి ఊబకాయంగా లెక్కించాలని తేల్చారు. నడుం చుట్టుకొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదు. ఆసియా మూలాలున్నవారికి బీఎంఐ 23 నుంచే మధుమేహ పరీక్ష చేయాలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015 నుంచి చెబుతోంది. కాబట్టి డాలస్‌లో ఉన్న తెలుగువారికీ ఇదే కొలబద్ద.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం స్త్రీలు, 31.1 శాతం పురుషులు అధిక బరువుతోనో ఊబకాయంతోనో ఉన్నారు. తెలంగాణలో ఇవి 30.1, 32.3 శాతం. దేశ సగటు స్త్రీలలో 24, పురుషులలో 22.9. ఆ సర్వే 25 గీతనే వాడింది. 23తో కొలిస్తే సంఖ్యలు ఇంకా పెరుగుతాయి.

పాత వైద్యులు చెప్పింది

చరకసంహిత సూత్రస్థానం 21వ అధ్యాయం అతిస్థూలుడినీ అతికృశుడినీ పక్కపక్కన నిలబెట్టి చర్చిస్తుంది. అతిస్థూలుడికి ఆయుష్షు తగ్గుతుందని, చురుకు పోతుందని, చెమట, ఆకలి, దాహం మితిమీరతాయని చెబుతుంది. కడుపు నిండాలి గానీ ఒళ్లు పెరగకూడదన్నది అక్కడి ఆహార సూత్రం. యవలు, పెసలు, మజ్జిగ, తేనె అందులో వస్తాయి. వ్యాయామాన్నీ మేల్కొని ఉండటాన్నీ మెల్లమెల్లగా పెంచుకుంటూ పోవాలంటుంది. పీచు పదార్థం గురించి నేటి పోషకాహార నిపుణులు చెప్పే మాటకు ఇది చాలా దగ్గర.

సుశ్రుతుడు ఇంకా ముందుకు వెళ్లాడు. మధుమేహాన్ని పుట్టుకతో వచ్చేది, తిండి తీరు వల్ల వచ్చేది అని విడదీశాడు. డబ్బులేని రోగి చెప్పులూ గొడుగూ లేకుండా, భిక్ష తింటూ, ఒక్కో ఊళ్లో ఒక్క రాత్రే ఉంటూ నూరు యోజనాలు నడవాలని, లేదా బావి తవ్వాలని చికిత్సాస్థానంలో రాశాడు. మందు కొనలేనివాడికి కదలికనే మందుగా ఇచ్చిన ఆలోచన అది. అయితే షుగర్‌తో పాదాల స్పర్శ తగ్గినవారు చెప్పుల్లేకుండా నడవడం ఈనాడు ఏ వైద్యుడూ ఒప్పుకోడు. తెలియకుండా తగిలిన చిన్న గాయం కాలు పోయేదాకా వెళ్లవచ్చు.

పాశ్చాత్య దేశాల్లో బరువు తగ్గడంపై జనం విరగబడి చదివిన మొదటి పుస్తకం 1863లో వచ్చింది. దాన్ని రాసిన విలియమ్ బాంటింగ్ లండన్‌లో అంత్యక్రియల ఏర్పాట్లు చూసే వ్యాపారి. అంతకు ముందు వైద్యుల సలహాపై థేమ్స్ నదిలో రోజూ పడవ తెడ్డు వేశాడు. కండ బలం పెరిగింది, దానితోపాటు ఆకలీ పెరిగింది, బరువు తగ్గలేదు. తర్వాత విలియమ్ హార్వే అనే వైద్యుడు రొట్టె, వెన్న, పాలు, చక్కెర, బీరు, బంగాళాదుంపలు మాన్పించాక ఏడాదిలో సుమారు 21 కిలోలు తగ్గాడు. ఒట్టి వ్యాయామంతో బరువు ఎందుకు తగ్గదో ఆయన అనుభవంలోనే ఉంది.

కరిగిన కొవ్వు ఎటు పోతుంది

కొవ్వు చెమటగా కారిపోతుందనో వేడిగా మారిపోతుందనో చాలామంది అనుకుంటారు. ఆస్ట్రేలియాకు చెందిన రూబెన్ మీర్మన్, ఆండ్రూ బ్రౌన్ 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఈ లెక్క తేల్చారు. 10 కిలోల కొవ్వు ఒంట్లో పూర్తిగా ఖర్చయితే 8.4 కిలోలు కార్బన్ డయాక్సైడుగా ఊపిరితో వెళ్లిపోతుంది, మిగిలిన 1.6 కిలోలు నీరవుతుంది. బరువు ప్రధానంగా ముక్కు నుంచే పోతుందన్నమాట. అలాగని గట్టిగా ఊపిరి పీల్చి వదిలితే కొవ్వు కరగదు. కణాలు ఇంధనం అడిగినప్పుడే అది కదులుతుంది.

కిలో శరీర కొవ్వులో సుమారు 7,700 కిలోకేలరీల శక్తి ఉంటుంది. రోజుకు 500 తక్కువ తింటే నెలకు రెండు కిలోలు తగ్గాలని కాగితం మీద లెక్క వస్తుంది. మొదటి వారం అంతకంటే ఎక్కువే తగ్గుతారు. కాలేయంలో, కండరాల్లో దాచిన గ్లైకోజెన్ ముందు ఖర్చవుతుంది. దానితోపాటు దాని బరువుకు మూడు రెట్ల నీరు బయటికి పోతుంది. వారంలో మూడు కిలోలు తగ్గిస్తామన్న ప్రకటనల్లో కనిపించేది ఎక్కువగా ఈ నీరే. మామూలు అన్నం మళ్లీ మొదలుపెట్టిన రెండు రోజుల్లో అది తిరిగొస్తుంది.

ఆ తర్వాత వేగం తగ్గుతుంది. చిన్నదైన ఒంటిని నడపడానికి తక్కువ శక్తి చాలు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో అప్పట్లో పనిచేసిన కెవిన్ హాల్ 2011లో ఈ పాత 500 లెక్కను సరిదిద్ది, శరీరం మారేకొద్దీ ఖర్చూ మారుతుందని గణిత నమూనాతో చూపించాడు. ఒక్కో కిలో తగ్గినప్పుడు రోజు ఖర్చు 20 నుంచి 30 కిలోకేలరీలు పడిపోతే, ఆకలి సుమారు 100 కిలోకేలరీల మేర పెరుగుతుందని అతని బృందమే 2016లో అంచనా వేసింది. ఇరవై కిలోలు తగ్గిన మనిషి ఎంత ఆకలితో పోరాడుతున్నాడో ఈ ఒక్క అంకెతో ఊహించవచ్చు.

ఒళ్లు ఎదురు తిరుగుతుంది

రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1944-45లో, ఆన్సెల్ కీస్ మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులను 24 వారాలు అరకడుపుతో ఉంచాడు. యుద్ధంలో ఆయుధం పట్టనని చెప్పి, కరవు బాధితులకు ఉపయోగపడాలని స్వచ్ఛందంగా వచ్చినవారు వాళ్లు. వారానికి 35 కిలోమీటర్లు నడవాలి కూడా. సగటున తమ బరువులో నాలుగో వంతు కోల్పోయారు. వంటల పుస్తకాలు సేకరించారు, పళ్లాలు నాకారు, తిండి కలలు కన్నారు, చిన్న మాటకే చిరాకు పడ్డారు. మళ్లీ కడుపునిండా పెట్టినప్పుడు ఎంత తిన్నా తృప్తి కలగలేదు. పాత బరువు దాటి కొవ్వు పెరిగాకగానీ ఆకలి సద్దుమణగలేదు. వీళ్లెవరూ ఊబకాయులు కారు, మనోబలం లేనివారు అసలే కారు. బరువు తిరిగొచ్చినవారిని చూసి నిగ్రహం లేదని తీర్పు చెప్పేవారు ఈ ప్రయోగం గురించి తెలుసుకోవాలి.

దీని వెనుక ఉన్న యంత్రాంగం 1994లో బయటపడింది. న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం లెప్టిన్ అనే హార్మోను జన్యువును కనుగొంది. కొవ్వు కణాలే దాన్ని తయారుచేసి, ఎంత నిల్వ ఉందో మెదడుకు చెబుతుంటాయి. కొవ్వు తగ్గితే లెప్టిన్ పడిపోతుంది, మెదడు దాన్ని కరవుగా అర్థం చేసుకుంటుంది. కడుపు నుంచి వచ్చే ఆకలి హార్మోను గ్రెలిన్‌ను 1999లో జపాన్ శాస్త్రవేత్తలు గుర్తించారు. 2011లో మెల్‌బోర్న్ పరిశోధకులు బరువు తగ్గినవారిని ఏడాది తర్వాత పరీక్షిస్తే, ఈ హార్మోన్లు ఇంకా ఆకలి వైపే మొగ్గి ఉన్నాయి.

అమెరికా టీవీలో వచ్చిన ద బిగ్గెస్ట్ లూజర్ పోటీలో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ల తర్వాత పరీక్షించిన ఫలితాలు 2016లో వచ్చాయి. పోటీలో సగటున 58 కిలోలు తగ్గినవారికి 41 కిలోలు తిరిగొచ్చాయి. విశ్రాంతిలో వారి శరీరాలు ఆ బరువుకు ఖర్చు చేయాల్సినదానికంటే రోజుకు సుమారు 500 కిలోకేలరీలు తక్కువగా ఖర్చు చేస్తున్నాయి. ఓప్రా విన్‌ఫ్రీ కథ మరింత మందికి తెలుసు. 1988లో ద్రవాహారంతో తగ్గి, తగ్గినంత కొవ్వును ఎర్ర బండిలో పెట్టి వేదిక మీదకి లాక్కొచ్చింది. ఆ బరువు త్వరలోనే తిరిగొచ్చింది. లోపం తన సంకల్పంలో ఉందని దశాబ్దాలు తనను తాను నిందించుకున్నానని ఆమే చెప్పింది. 2023లో బరువు తగ్గించే మందు వాడుతున్నట్టు బహిరంగంగా ఒప్పుకుంది.

తిండి మార్పులు

ఏ ఆహార పద్ధతి మేలన్న వాదానికి స్టాన్‌ఫర్డ్‌లో 2018లో జరిగిన ప్రయోగం చాలావరకు సమాధానమిచ్చింది. 609 మందిని రెండుగా విడదీసి, కొందరికి కొవ్వు తగ్గించారు, మిగతావారికి పిండి పదార్థాలు తగ్గించారు. ఏడాది తర్వాత రెండు జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. ఏ పద్ధతిని మనిషి విసుగు లేకుండా కొనసాగించగలడో అదే అతనికి మంచి పద్ధతి.

టైప్ 2 మధుమేహం ఉన్నవారి విషయంలో ఎంత తగ్గారన్నది చాలా ముఖ్యం. బ్రిటన్‌లో రాయ్ టేలర్, మైక్ లీన్ నడిపిన డైరెక్ట్ ప్రయోగం 2017లో వెలువడింది. సూపులు, షేకుల రూపంలో కొన్ని నెలలు తక్కువ కేలరీల ఆహారం ఇస్తే ఏడాది ముగిసేసరికి 46 శాతం మందికి మందుల్లేకుండా షుగర్ అదుపులోకి వచ్చింది. 15 కిలోలకు పైగా తగ్గినవారిలో ఇది 86 శాతం. ఒకసారి వస్తే పోదనుకున్న జబ్బును చూసే తీరే దీనితో మారింది.

తెలుగునాట ఆహార పద్ధతులకు ఎప్పుడూ గిరాకీ ఉంది. ఉప్పూ నూనే మానిపించే మంతెన సత్యనారాయణరాజు ప్రకృతి వైద్యం, కొబ్బరినూనె, నిమ్మరసాలతో వీరమాచనేని రామకృష్ణ చెప్పిన పద్ధతి, కొర్రలు, అరికెలు, సామలు, ఊదలు, అండుకొర్రలను ఇంటింటికీ చేర్చిన ఖాదర్ వలి సిరిధాన్యాలు వేలమందిని కదిలించాయి. మూడూ ఒకదానికొకటి పొసగని సిద్ధాంతాలు. మూడింటిలోనూ కొందరు తగ్గారు. మూడింటిలోనూ తెల్లన్నం, మైదా, చక్కెర, పకోడీలు, కూల్‌డ్రింకులు తగ్గుతాయి. ఫలితానికి అసలు కారణం అదే కావచ్చు. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడుతున్నవారు వైద్యుడికి చెప్పకుండా ఇలాంటివి మొదలుపెట్టడం ప్రమాదం. తిండి తగ్గి మందు తగ్గకపోతే షుగర్ హఠాత్తుగా పడిపోతుంది.

మన పళ్లెంలో అసలు సమస్య అన్నం రాశి పెద్దదై పప్పు, కూర, గుడ్డు చిన్నవి కావడం. అన్నానికి ముందు కూరలూ పప్పూ తినడం, పోపులో నూనె కొలిచి వేయడం, పెరుగన్నం వంతుకు వచ్చేసరికి అన్నం తగ్గించి పెరుగు పెంచడం లాంటివి ఇంట్లో అందరూ కలిసి చేయగలిగే మార్పులు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాలు కూడా పళ్లెంలో సగం కూరగాయలు, పండ్లు ఉండాలంటున్నాయి.

ఉపవాసాల్లో అత్యంత విపరీతమైనది స్కాట్లండ్‌కు చెందిన ఆంగస్ బార్బియేరిది. 1965 నుంచి 382 రోజులు డండీ వైద్యుల పర్యవేక్షణలో విటమిన్లు, పొటాషియం, టీ, కాఫీ, సోడా నీళ్లతో గడిపి 207 కిలోల నుంచి 82 కిలోలకు వచ్చాడు. ఐదేళ్ల తర్వాత 89 కిలోల దగ్గర ఉన్నాడు. ఇది వైద్య చరిత్రలో అరుదైన విషయం, అనుకరించదగినది కాదు. అదే కాలంలో ఇలాంటి సంపూర్ణ ఉపవాస చికిత్సల్లో కొందరు గుండె ఆగి చనిపోయారు. 1970ల్లో అమెరికాలో ద్రవ ప్రోటీన్ ఆహారం పదుల సంఖ్యలో ప్రాణాలు తీసింది.

కదలిక

లండన్‌లో తిరిగిన డబుల్ డెక్కర్ బస్సులే వ్యాయామ శాస్త్రానికి మొదటి పెద్ద ఆధారాన్ని ఇచ్చాయి. జెర్రీ మోరిస్ అనే వైద్యుడు లండన్ రవాణా సిబ్బందిని గమనించి 1953లో ఫలితాలు ప్రచురించాడు. డ్రైవర్ పొద్దస్తమానం కూర్చుంటాడు. కండక్టర్ టికెట్లు కొడుతూ రోజుకు 500 నుంచి 750 మెట్లు ఎక్కుతాడు. కండక్టర్లకు గుండె జబ్బులు తక్కువ, వచ్చినా ఆకస్మిక మరణాలు తక్కువ. డ్రైవర్లకు నడుం లావెక్కువ కదా, తేడా అక్కడిదే కావచ్చన్న ప్రశ్న వచ్చింది. మోరిస్ యూనిఫాం ప్యాంట్ల నడుం కొలతలు తెప్పించాడు. సన్నవారిని సన్నవారితో, లావువారిని లావువారితో పోల్చినా కండక్టర్లే మెరుగ్గా ఉన్నారు. బరువు తగ్గకపోయినా కదలిక కాపాడుతుందన్న మాటకు ఇది పునాది. తగ్గడం ఆగిపోయిన నెలల్లో నిరుత్సాహపడేవారికి ఇంతకంటే చెప్పాల్సిన విషయం లేదు.

మన దేశానికి చెందిన మరో అధ్యయనం 1956 నాటిది. జాన్ మేయర్ బృందం పశ్చిమ బెంగాల్‌లోని ఒక జనపనార మిల్లులో గుమస్తాల నుంచి మూటలు మోసేవారి దాకా ఎంత తింటున్నారో కొలిచింది. కష్టం చేసేవారు కష్టానికి తగ్గట్టు తిన్నారు, సన్నగా ఉన్నారు. అసలు కదలనివారు తక్కువ తినాలి కదా, వాళ్లు ఎక్కువ తిన్నారు, లావుగా ఉన్నారు. కనీస కదలిక లేని ఒంట్లో ఆకలి లెక్క తప్పుతుందని మేయర్ అభిప్రాయం.

ఇక్కడే ఒక అపోహ తీర్చాలి. 100 కిలోల మనిషి ఐదు కిలోమీటర్లు నడిస్తే, ఊరికే కూర్చున్నప్పటికంటే అదనంగా ఖర్చయ్యేది సుమారు 300 కిలోకేలరీలు. అది 33 గ్రాముల నూనెలో ఉన్న శక్తి, అంటే పెద్ద చెంచాతో రెండున్నరకు కాస్త తక్కువ. గంటకు పైగా నడిచి సంపాదించింది ఒక పూట వేపుడు మూకుట్లో పోతుంది. పైగా బాగా నడిచినరోజు శరీరం మిగతా ఖర్చులు కొంత తగ్గించుకుంటుంది. టాంజానియాలోని హడ్జా వేటగాళ్లు రోజంతా తిరిగినా, శరీర పరిమాణాన్ని బట్టి చూస్తే వారి మొత్తం శక్తి ఖర్చు నగరవాసులతో సమానంగా ఉందని హెర్మన్ పాంట్జర్ బృందం 2012లో కొలిచి చెప్పింది.

మరి నడక ఎందుకు? తిండి తగ్గించి మాత్రమే బరువు తగ్గితే పోయినదాంట్లో సుమారు నాలుగో వంతు కొవ్వు కాని భాగం, అందులో కండ కూడా ఉంటుంది. బరువులెత్తే వ్యాయామం, తగినంత ప్రోటీన్ ఈ నష్టాన్ని తగ్గిస్తాయి. ఒక్కసారి చేసిన వ్యాయామం వల్ల కండరాలు ఒకటి రెండు రోజులపాటు ఇన్సులిన్ మాట బాగా వింటాయి. పొట్టలోని లోతైన కొవ్వు ముందు కరుగుతుంది. అమెరికాలో 2002లో ఫలితాలు వెలువడిన డయాబెటిస్ నివారణ ప్రయోగంలో 7 శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాల కదలిక లక్ష్యంగా పెట్టుకున్నవారిలో మధుమేహం రావడం 58 శాతం తగ్గింది. చెన్నైలో రామచంద్రన్ బృందం 2006లో ప్రచురించిన ప్రయోగంలో భారతీయుల బరువు పెద్దగా తగ్గకపోయినా ముప్పు 28.5 శాతం తగ్గింది.

నిలుపుకోవడం విషయంలో డెన్మార్క్ ప్రయోగం 2021లో గట్టి జవాబిచ్చింది. ఎనిమిది వారాల్లో సగటున 13.1 కిలోలు తగ్గిన 195 మందిని నాలుగు జట్లుగా విడదీశారు. కొందరికి వ్యాయామం, కొందరికి లిరాగ్లూటైడ్ ఇంజెక్షన్, కొందరికి రెండూ, కొందరికి ఉత్తుత్తి మందు. ఏడాది తర్వాత రెండూ కలిసినవారు అందరికంటే బాగున్నారు. మందూ శిక్షణా ఆపేసి మరో ఏడాది గడిచాక చూస్తే, మందు మాత్రమే వాడినవారికంటే వ్యాయామం నేర్చుకున్నవారే ఎక్కువ నిలుపుకున్నారు.

బాగా లావున్న మనిషికి మొదటి అడుగు నిజంగానే కష్టం. తొడలు ఒరుసుకుని మంట పుడతాయి, మడమలు పోటెత్తుతాయి, పది అడుగులకే ఆయాసం వస్తుంది. ఒక్క కిలో తగ్గితే అడుగేసినప్పుడల్లా మోకాలిపై పడే భారం నాలుగు కిలోలు తగ్గుతుందని 2005లో మెస్సియర్ బృందం కొలిచింది. కాబట్టి మొదటి నెలల్లో మోకాలిని కాపాడుకుంటూ మొదలుపెట్టాలి. భోజనం అయ్యాక పది నిమిషాల చొప్పున మూడు పూటలా నడవవచ్చు. మెత్తటి అడుగున్న బూట్లు, తొడలకు వాజిలీన్, పొడవాటి నిక్కరు ఉంటే బాధ సగం తీరుతుంది. నడిచేటప్పుడు మాట్లాడగలగాలి గానీ పాట పాడలేనంత ఆయాసం ఉండాలి, ఆ వేగం చాలు. కుర్చీ మీద చేతులు ఆనించకుండా లేచి, మెల్లగా కూర్చోవడం ఎనిమిది పదిసార్లు చేయగలిగితే అదే గుంజీళ్ల మొదటి మెట్టు. గోడకు అరచేతులు ఆనించి ఒంటిని వెనక్కి తోయడం దండీలకు మొదటి మెట్టు. ఈత, నీళ్లలో నడక, కదలని సైకిలు కీళ్లకు సుఖం. గుండె జబ్బు, ఛాతీ నొప్పి, అదుపులో లేని రక్తపోటు ఉన్నవారు ముందు వైద్యుణ్ని కలవాలి.

2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లక్ష్యం వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం, రెండు రోజులు కండరాల కసరత్తు. తగ్గిన బరువు నిలుపుకోవడానికి వారానికి 200 నుంచి 300 నిమిషాలు అవసరమని అమెరికన్ క్రీడా వైద్య సంఘం 2009లో సూచించింది. పదివేల అడుగుల లక్ష్యం పరిశోధనలో పుట్టలేదు, 1965లో జపాన్‌లో అమ్మిన ఒక అడుగుల లెక్క యంత్రం పేరుతో వచ్చింది. వయసు మళ్లిన స్త్రీలలో 4,400 అడుగులకే మరణాల ముప్పు తగ్గడం, సుమారు 7,500 దగ్గర ఆ మేలు స్థిరపడటం 2019లో ఐ-మిన్ లీ అధ్యయనంలో కనిపించింది. పరుగు నేర్చుకోవాలనుకునేవారికి 1996లో జాష్ క్లార్క్ తయారుచేసిన తొమ్మిది వారాల కౌచ్ టు 5కే పద్ధతి ఇప్పటికీ దారి చూపుతోంది. నడకనూ పరుగునూ నిమిషాల చొప్పున కలుపుతూ పోయే పద్ధతి అది.

హైదరాబాదు కేబీఆర్ పార్కు, విశాఖ ఆర్కే బీచ్ రోడ్డు తెల్లవారుజామునే నడిచేవారితో నిండుతాయి. ఊళ్లలో హైస్కూలు గ్రౌండే దిక్కు. 2022లో దేశంలో పెద్దవారిలో దాదాపు సగం మందికి, మగవారికంటే ఆడవారిలో ఎక్కువ మందికి, చాలినంత కదలిక లేదని లాన్సెట్ గ్లోబల్ హెల్త్ అంచనా. తెల్లారుజాము ఇంటి పనికే చాలని ఇల్లాలికి డాబా మీద నడక ఒక్కటే మిగులుతోంది. వీధి దీపాలు, కాలిబాటలు, కుక్కల బెడద, భద్రత ఇవన్నీ ఆరోగ్య సమస్యలే.

మందులు, శస్త్రచికిత్స

బరువు తగ్గించే మందుల చరిత్ర బాధాకరమైనది. 1933లో ప్రాచుర్యంలోకి వచ్చిన డైనైట్రోఫినాల్ చూపును, ప్రాణాలను తీసి 1938లో అమెరికాలో నిషేధానికి గురైంది. ఫెన్‌ఫెన్ గుండె కవాటాలను దెబ్బతీసి 1997లో మార్కెట్ నుంచి పోయింది. సిబుట్రమైన్‌ను గుండె ముప్పు కారణంగా 2010లో వెనక్కి తీసుకున్నారు.

నేటి ఇంజెక్షన్లు ఆకలి మాట వినే మెదడు భాగాలపై పనిచేస్తాయి. గిలా మాన్‌స్టర్ అనే విషపు బల్లి లాలాజలంలో జాన్ ఎంగ్ కనుగొన్న ఎక్సెండిన్ ఈ తరహా మందులకు బాట వేసింది. సెమాగ్లూటైడ్‌తో 68 వారాల్లో సగటున 14.9 శాతం బరువు తగ్గినట్టు 2021లో, టిర్జెపటైడ్ గరిష్ఠ మోతాదుతో 72 వారాల్లో 20.9 శాతం తగ్గినట్టు 2022లో తేలింది. టిర్జెపటైడ్ మౌంజారో పేరుతో 2025 మార్చిలో, సెమాగ్లూటైడ్ వెగోవీ పేరుతో అదే ఏడాది జూన్‌లో భారత మార్కెట్లోకి వచ్చాయి. వికారం, వాంతులు, మలబద్ధకం సాధారణ ఇబ్బందులు. ఆపేసిన ఏడాదిలో తగ్గినదాంట్లో మూడింట రెండు వంతులు తిరిగొచ్చిందని సెమాగ్లూటైడ్ ప్రయోగం చూపింది. రక్తపోటు మాత్రలాగే ఇవి కూడా దీర్ఘకాలం వాడాల్సినవేనని మొదలుపెట్టేముందే రోగికి చెప్పాలి.

శస్త్రచికిత్సలో జీర్ణాశయాన్ని చిన్నది చేసి పేగుకు కలిపే బైపాస్‌ను 1966లో అయోవాలో ఎడ్వర్డ్ మేసన్ మొదలుపెట్టాడు. ఇప్పుడు జీర్ణాశయాన్ని నిలువుగా కోసి గొట్టంలా మిగిల్చే స్లీవ్ పద్ధతి ఎక్కువ. 1987లో మొదలైన స్వీడన్ అధ్యయనం, ఆపరేషన్ చేయించుకున్నవారిలో మరణాలు తగ్గాయని 2007లో ప్రకటించింది. 2022 అంతర్జాతీయ మార్గదర్శకాలు బీఎంఐ 35 దాటినవారికీ, ఆసియావాసులకైతే 27.5 నుంచీ ఈ చికిత్సను సూచించవచ్చంటున్నాయి. ఆపరేషన్ తర్వాత బీ12, ఐరన్, కాల్షియం లాంటివి జీవితాంతం చూసుకోవాలి.

తగ్గిన తర్వాత

వేగంగా తగ్గినవారిలో పిత్తాశయంలో రాళ్లు ఏర్పడే ముప్పు పెరుగుతుంది. రెండు మూడు నెలల తర్వాత దువ్వెన నిండా జుట్టు రాలుతుంది. ఇది చాలామందిలో కొన్ని నెలలకు తగ్గుతుంది. పొట్ట, చేతులు, తొడల దగ్గర చర్మం వేలాడి, మడతల్లో చెమట నిలిచి ఒరుసుకుపోతుంది. వ్యాయామంతో ఆ చర్మం పూర్తిగా ముడుచుకోదు, కొందరికి ఆపరేషన్ అవసరమవుతుంది. రక్తపోటు మాత్రలు అదే మోతాదులో కొనసాగిస్తే లేచి నిలబడగానే కళ్లు తిరుగుతాయి.

ఇక మన సమాజం. లావుగా ఉన్నంత కాలం బొండాం, గున్న ఏనుగు అంటూ పేర్లు పెట్టిన బంధువులే, తగ్గి కనిపించగానే ఇంత చిక్కిపోయావేంటి, షుగరా, ఏదైనా జబ్బా అని అడుగుతారు. పెళ్లి భోజనంలో వద్దంటే గిన్నె ఇంకోసారి వంపుతారు. 2015లో అనుష్క శెట్టి బరువు పెరిగి నటించిన సైజ్ జీరో చిత్రం, బరువు తగ్గించే కేంద్రాల మోసాన్నీ లావుపట్ల చులకననూ తెలుగు తెర మీద నేరుగా తీసుకున్న అరుదైన ప్రయత్నం. చులకన చేస్తే మనిషి సన్నబడడు. వ్యాయామ స్థలాలకు రావడమే మానేస్తాడు.

తగ్గిన బరువును నిలుపుకున్నవారిని నమోదు చేసేందుకు 1994లో అమెరికాలో రీనా వింగ్, జేమ్స్ హిల్ ఒక రిజిస్టర్ మొదలుపెట్టారు. 13.6 కిలోలు తగ్గి కనీసం ఏడాది నిలుపుకున్నవారికే అందులో చోటు. పదివేల మందికి పైగా చేరారు. సగటున 30 కిలోలు తగ్గి ఐదున్నరేళ్లు నిలుపుకున్నారు. ఒకే ఆహార పద్ధతి పాటించినవారు కారు. 78 శాతం రోజూ ఉదయం ఫలహారం తింటారు, 75 శాతం వారానికోసారైనా బరువు చూసుకుంటారు, 62 శాతం వారానికి పది గంటల కంటే తక్కువ టీవీ చూస్తారు, 90 శాతం సగటున రోజుకు గంట వ్యాయామం చేస్తారు. వారిలో ఎక్కువమంది చేసే వ్యాయామం నడక. రెండు నుంచి ఐదేళ్ల దాకా నిలుపుకోగలిగినవారికి ఆ తర్వాత బరువు తిరిగొచ్చే అవకాశం బాగా తగ్గుతుందని ఆ రిజిస్టర్ పరిశోధకులు చెబుతున్నారు.